గోడ దిగిన సోనుం
తూర్పు కనుమల చరిత్ర: 14వ భాగం

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది. యాభై ఏళ్లకు పైగా అక్కడే కాపురమున్న గిడుగు వెంకట రామమూర్తి ఊరు విడిచి రాజమండ్రి చేరారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషి కనుక, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కనుక, ఈ సంగతి చాలామందికి తెలుసు. అదే సరిహద్దు గీత సవర ఆదివాసుల కొండలను కూడా రెండుగా చీల్చిందన్న మాట మాత్రం అంతగా వినపడదు. గుణుపురం, పుట్టాసింగి, సెరంగో అటు పోయాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఇటు మిగిలాయి. ఒకే భాష మాట్లాడే, ఒకే పితరులకు పెట్టుకునే జనం రెండు రాష్ట్రాల రికార్డుల్లో ఇద్దరయ్యారు.

దాదాపు తొంభై ఏళ్ల తర్వాత ఆ గీత ఒక బొమ్మ వెనక్కి వచ్చి నిలబడింది.

అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో కొత్తగా తెరిచిన ఆఫీసు గోడకో, విశాఖ బీచ్ రోడ్డులో ఫ్లాటు హాలుకో ఒక సవర బొమ్మ కొనాలనుకునేవారికి ఇవాళ దారులు చాలానే ఉన్నాయి. హస్తకళల దుకాణాలు, ఎగ్జిబిషన్లు, ఇంటర్నెట్ అంగళ్లు అన్నీ అమ్ముతున్నాయి. ఎర్రటి నేల మీద తెల్లటి గీతలతో గుర్రాలు, ఏనుగులు, నిచ్చెనలు, చేయీచేయీ పట్టుకుని ఆడే మనుషులు. చూడముచ్చటగా ఉంటుంది. అట్ట మీద చాలాసార్లు ‘ట్రైబల్ ఆర్ట్’ అని మాత్రమే ఉంటుంది. వేసినవారి పేరు, వారి ఊరు, ఆ బొమ్మ ఎందుకు పుట్టిందన్న మాట కనిపించవు. ఆ మూడూ లేకుండా కొన్నది బొమ్మలో సగమే. మిగతా సగం కోసం కొండ ఎక్కాలి.

మొదట ఎక్కినవారిలో గిడుగువారే ఒకరు. పర్లాకిమిడి సంతకు దిగి వచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. ఒక భాషను చెవితో పట్టుకోవడానికి వెళ్లిన మనిషి చెవులనే పోగొట్టుకున్నాడు. అయినా ఆగలేదు. సవర పిల్లలకు సవరలోనే బడి చెప్పించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. రాష్ట్రం చీలిన ఆ 1936లోనే అవతలి వైపు మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ లిపిని రూపొందించాడు. మాటకు రాత వచ్చింది. గోడకు మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే రాత ఉంది.

ఆ గోడరాతలను బయటి ప్రపంచానికి వివరంగా చూపినవాడు మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్. 1940ల్లో గంజాం, కోరాపుట్ సవర గూడేల్లో తిరిగాడు. 1951లో వచ్చిన మధ్యభారత గిరిజన కళల పుస్తకంలోనూ, 1955లో సవరల మతం గురించి రాసిన పెద్ద గ్రంథంలోనూ ఈ బొమ్మలకు చోటిచ్చాడు. అటు వైపు వీటిని ఇత్తల్ అని, ఇడితాల్ అని అంటారు. సీతంపేట వైపు ఎడిసింగ్ అనే పేరు వాడుకలో ఉంది.

ఇత్తల్ వేయడానికి ఒక కారణం ఉండాలి. ఇంట్లో ఎవరో జబ్బు పడతారు. లేదా పిల్లలు నిలవరు, పంట ఎండిపోతుంది, చనిపోయిన పెద్ద కలలోకి వచ్చి సతాయిస్తాడు. అప్పుడు కుడాన్ అనే పూజారి దగ్గరకు పోతారు. ఆయన ఆవేశంలోకి వెళ్లి, ఏ సోనుం ఈ కష్టం తెచ్చిందో, దానికి ఏం కావాలో కనుక్కుంటాడు. కొండకో చెట్టుకో చెందిన శక్తి సోనుం కావచ్చు, ఆ ఇంట్లోనే చనిపోయిన మనిషీ కావచ్చు. సవరల లోకంలో చనిపోయినవారు దూరంగా పోరు. మాట్లాడతారు, అలుగుతారు, అడుగుతారు. ‘నాకు ఇల్లు లేదు, గోడ మీద ఇల్లు కట్టండి’ అనడం వారి కోరికల్లో ఒకటి.

ఇక ఆ ఇల్లు కట్టాలి. లోపలి గోడను శుభ్రం చేసి ఎర్రమన్ను పూస్తారు. వరిపిండిని నీళ్లలో కలిపి, కొన నలిపిన పుల్లతో గీస్తారు. అందరూ గీయరు. చేయి తిరిగినవాడు గూడెంలో ఒకడుంటాడు, లేదా కుడానే గీస్తాడు. ముందు చుట్టూ హద్దు కట్టి, అంచుల నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. ఆ చట్రమే సోనుం ఇల్లు. లోపల సోనుంకు కావలసినవన్నీ ఉంటాయి. ఎక్కడానికి గుర్రం, ఏనుగు, పట్టడానికి గొడుగు, దువ్వుకోవడానికి దువ్వెన, పైకి ఎక్కేందుకు నిచ్చెన, వెలుగుకు సూర్యుడూ చంద్రుడూ. పనివాళ్లూ, తుపాకీ పట్టిన కావలివాళ్లూ ఉంటారు. ఎల్విన్ చూసిన గోడల మీద సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా ఉన్నాయి. అడవి మీద పెత్తనం చేసే అధికారులూ గోడ ఎక్కారు. అధికారం ఎలా ఉంటుందో సవరలు కళ్లారా చూశారు. తమ పెద్దలకు అంతకు తక్కువ హోదా ఎందుకు ఇవ్వాలి?

బొమ్మ పూర్తయినంత మాత్రాన పని అయిపోదు. కుడాన్ వచ్చి సోనుంను పిలుస్తాడు. కల్లు పోస్తారు, కోడినో మేకనో ఇస్తారు. బొమ్మ సరిపోయిందో లేదో సోనుం చెప్పాలి. ఏనుగు లేదంటే ఏనుగును చేర్చాలి. ఒప్పుకున్నాక అది ఆ గోడలో నివాసముంటుంది. ఏళ్లు గడిచి గీతలు చెరిగితే మళ్లీ దిద్దుతారు. అందంగా ఉందా అనే ప్రశ్న కంటే, సోనుం ఒప్పుకుందా అనేదే అక్కడి కొలత.

ఈ సంగతి తెలిశాక బజారులో కొన్న బొమ్మను ఏమనాలి? నకిలీ అనవలసిన పని లేదు. శిల్పి పాకలోని విగ్రహం ప్రాణప్రతిష్ఠకు ముందు ఎలాగో, అమ్మకానికి గుడ్డ మీద వేసిన సవర బొమ్మ అలాగ. చేయి అదే, గీత అదే. సోనుంను అందులోకి ఎవరూ పిలవలేదు. పిలవకూడదు కూడా. పిలిచిన దాన్ని అమ్మడం ఇంటి పెద్దను అమ్మడమే. గోడ నుంచి గుడ్డ మీదకు బొమ్మను దించిన చిత్రకారులు ఈ తేడాను తామే పెట్టుకున్నారు. వరిపిండికి బదులు తెల్ల ఆక్రిలిక్ రంగు వాడారు. టస్సర్ పట్టు, కాగితం, కాన్వాసు ఎంచుకున్నారు. ‘సహజ రంగులు కావు, కనుక అసలుది కాదు’ అని పెదవి విరిచే కొనుగోలుదారు ఈ మార్పు వెనకున్న మర్యాదను చూడలేదు.

ఈలోగా గోడలే తగ్గిపోయాయి. 1970ల నుంచి సవరల మధ్య గడిపిన మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ ఈ మార్పును దగ్గరగా చూసి రాశాడు. తొలి రోజుల్లో చనిపోయినవారితో గంటల తరబడి మాట్లాడే జనాన్ని చూశాడు. తర్వాతి తరంలో చాలామంది బాప్టిస్టు క్రైస్తవులయ్యారు. చనిపోయినవారు ఇక మాట్లాడరు కనుక వారికి గోడ మీద ఇల్లు కట్టే అవసరమూ పోయింది. సిమెంటు ఇళ్లు వచ్చాయి. ఇవాళ గోడ కంటే గుడ్డ మీదే సవర బొమ్మ ఎక్కువగా బతుకుతోంది. అంటే కొనేవారి మీద ఇదివరకు లేని బాధ్యత పడింది.

ఇలాంటి దారిలోనే ముందు నడిచిన జనం ఆస్ట్రేలియాలో ఉన్నారు. విశాఖ ఉక్కు బట్టీలకు కోకింగ్ బొగ్గు పంపే దేశంగా అచ్యుతాపురం చుట్టుపక్కల కార్మికులకు ఆ పేరు కొత్త కాదు. ఆ ఖండపు ఆదివాసీ చిత్రకారుల పేర్లే ఇక్కడికి రాలేదు.

1966లో ఆస్ట్రేలియా పౌండ్లు వదిలి డాలర్లకు మారింది. కొత్త ఒక డాలరు నోటు వెనక ఒక ఆదివాసీ బొమ్మ వేశారు. చెట్టు బెరడు మీద వేసిన బొమ్మ అది. ఎవరో పాతకాలపు అనామకుడు వేసి ఉంటాడనుకుని రిజర్వ్ బ్యాంకు ఎవరినీ అడగలేదు. వేసిన మనిషి ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో బతికే ఉన్నాడు. పేరు డేవిడ్ మలంగి. ఆ బొమ్మ ఒక వేటగాడి చావు గురించి, అతనికి చేసిన అంత్యక్రియల గురించి. ఆ వంశం వారికి పవిత్రమైన కథ అది. చనిపోయినవారి కోసం వేసిన గీత దేశమంతా చేతులు మారే నోటు అయింది, వేసినవాడికి తెలియకుండా. సంగతి బయటపడ్డాక బ్యాంకు గవర్నరు కూంబ్స్ వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామగ్రి ఇచ్చాడు. అనామకుడనే ఊహ ఎంత పని చేయగలదో ఆ నోటు చూపింది. సవర బొమ్మ అట్ట మీద ‘ట్రైబల్ ఆర్ట్’ అన్న రెండు మాటలూ అదే ఊహ నుంచి పుట్టాయి.

1971లో ఎడారి నడుమ పపున్యా అనే ఊళ్లో బడిపంతులు జెఫ్రీ బార్డన్ ఆదివాసీ పెద్దలకు రంగులిచ్చాడు. వారు బడి గోడ మీద తేనెచీమల కథ వేశారు. తర్వాత చెక్కముక్కల మీద వేయసాగారు. 1972లో తామే యజమానులుగా ‘పపున్యా టులా’ సంస్థ పెట్టుకున్నారు. తొలి బొమ్మల్లో కొన్నింటిలో, దీక్ష పొందిన మగవాళ్లు మాత్రమే చూడదగిన వస్తువులు ఉన్నాయి. వాటిని ఊరి బయట అందరికీ చూపడం మీద ఇతర ఆదివాసీ పెద్దలు మండిపడ్డారు. చిత్రకారులు ఆ అభ్యంతరాన్ని మన్నించారు. పవిత్రమైనవి తీసేశారు, కొన్నింటిని చుక్కల తెర వెనక దాచారు. ప్రపంచం ఇవాళ ఆదివాసీ చిత్రం అనగానే తలుచుకునే చుక్కల్లో కొంత భాగం అలా దాచడానికి పెట్టినవి. డార్విన్ మ్యూజియం తన దగ్గరున్న తొలి బొమ్మల్లో కొన్నింటిని నేటికీ అందరికీ చూపదు. డబ్బు పెట్టి కొన్నా, కొన్నవాడికి అన్నీ తెలియాలన్న హక్కు రాదు. సవర చిత్రకారుడు ఒక గుర్తు అర్థం చెప్పకుండా నవ్వి ఊరుకుంటే, ఆ మౌనాన్ని కూడా బొమ్మతో పాటు ఇంటికి తెచ్చుకోవాలి.

పపున్యా చిత్రకారుల్లో జానీ వారంగ్‌కుల ఒకరు. 1972లో ఆయన వేసిన కాలిపిన్‌పా నీటి కల బొమ్మ 150 డాలర్లకు పోయింది. 1997లో సోథెబీస్ వేలంలో అదే బొమ్మ 2,06,000 డాలర్లు పలికింది. 2000లో 4,86,500. అప్పటికి ఆయన ముసలివాడై, చూపు తగ్గి, పేదగా ఉన్నాడు. పెరిగిన ధరలో తనకూ కొంత రావాలని అడిగాడు. చట్టం ప్రకారం ఏమీ రాదు. 2001లో చనిపోయాడు. ఆయన గొడవ ఊరికే పోలేదు. ఇలాంటి కథలు పోగుపడి 2009లో పునర్విక్రయ రాయల్టీ చట్టం వచ్చింది. 2010 జూన్ నుంచి, బొమ్మ వెయ్యి డాలర్లకో అంతకు పైనో మళ్లీ అమ్ముడైతే 5 శాతం చిత్రకారుడికో వారసులకో చెందుతుంది.

బట్టలు కుట్టే అచ్యుతాపురానికి ఇంకో కేసు దగ్గరది. 1990ల మొదట్లో పెర్త్‌లోని ఒక కంపెనీ ఆదివాసీ చిత్రాలను వియత్నాంలో తివాచీలుగా నేయించి అమ్మింది. చిత్రకారుల అనుమతి లేదు. బందుక్ మరికా అనే చిత్రకారిణి బొమ్మలోని కథ ఆమె వంశానికి పవిత్రమైనది. దాని మీద ఇప్పుడు జనం కాళ్లు పెట్టి నడుస్తున్నారు. తప్పు కంపెనీదే అయినా, కథను కాపాడలేకపోయిందన్న మాట తన మనుషుల ముందు ఆమె మీదే పడుతుంది. 1994లో ఫెడరల్ కోర్టు చిత్రకారులకు 1,88,640 డాలర్ల పరిహారం విధించింది. అందులో వ్యాపార నష్టంతో పాటు, సమాజంలో వారికి కలిగిన క్షోభను కూడా లెక్కలోకి తీసుకుంది. ఒక బొమ్మ గోడ నుంచి గుడ్డ మీదకు, గుడ్డ నుంచి వేల గజాల ప్రింటు మీదకు మారడానికి ఇప్పుడు ఒక్క స్కాన్ చాలు. అడగవలసిన మనిషిని వెతికి అడగడానికి రెండు రోజులు పట్టవచ్చు. ఆ రెండు రోజులు పెట్టాలి.

నకిలీల బెడద కూడా అక్కడ తేలిగ్గా తీసుకోలేదు. ఇండోనేసియాలో చేయించిన సరుకును ఆదివాసీలు చేసినట్టు అమ్మిన బిరుబి ఆర్ట్ అనే టోకు వ్యాపార సంస్థకు 2019లో 23 లక్షల డాలర్ల జరిమానా పడింది.

భూమి సంగతి ఎత్తకుండా ఆదివాసీ బొమ్మ గురించి రాయడం కుదరదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారి పెద్దలు తమ నేల తమదని నిరూపించుకోవలసి వచ్చింది. అధికారుల ఇంగ్లీషులో చెప్పలేక 1997లో 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న కాన్వాసు పరిచి, 40 మందికి పైగా కూర్చుని నీటి గుంటలతో సహా తమ నేలంతా వేశారు. ట్రిబ్యునల్ ముందు ఎవరి చోటు మీద వారు నిలబడి, ఎవరి భాషలో వారు సాక్ష్యం చెప్పారు. ‘ఙురారా’ కాన్వాసుగా పేరుపడిన ఆ బొమ్మే వారి దస్తావేజు. 2007లో హక్కు గుర్తింపు వచ్చింది. సరిగ్గా ఆ 1997లోనే, జూలై 11న, అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలపు గనుల మీద ‘సమత’ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదంది. రెండు ఖండాల ఆదివాసులు ఒకే ఏడాది ఒకే మాట చెప్పారు. సవర గోడ మీద నిలిచిన అధికారి బొమ్మను అలంకారంగా చూడలేకపోవడానికి కారణం ఇదే.

మళ్లీ మన దేశానికి. గోండు ఆదివాసుల బొమ్మకు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే చిత్రకారుడు దొరికాడు. భోపాల్‌లో 1982లో తెరిచిన భారత్ భవన్ ఆయనను పేరుతో పరిచయం చేసింది. 1989లో పారిస్‌లో పాంపిడూ సెంటర్ నిర్వహించిన ప్రదర్శనలో, యుయెన్‌డుము నుంచి వచ్చిన ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రకారులూ ఆయనా పాల్గొన్నారు. ఇవాళ గోండు బొమ్మలు వేసేవారు ఒక్కొక్కరు తమ పేరుతో తెలుసు. సవర బొమ్మకు దేశమంతా తెలిసిన అలాంటి పేరు ఇంకా రాలేదు. చూసేవారు దాన్ని వార్లీ అని పొరబడటమూ మామూలే. వార్లీ మనిషి మొనలు కలిసిన రెండు త్రికోణాలు. సవర మనిషి ఒళ్లు అంత కోణంగా ఉండదు, సాగినట్టుంటుంది, ఆడా మగా తేడా తేలిగ్గా తెలియదు.

2024 జనవరిలో ‘లాంజియా సౌర చిత్రం’ పేరుతో ఒడిశా బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన మర్యాద అది, సంతోషించవలసిందే. అయితే ఆ గుర్తు ఒడిశాది. సీతంపేట గూడెంలో అదే పితరుల గీతను గీసే మనిషి 1936 గీతకు ఇవతల ఉన్నాడు. అందువల్ల ఇటు వైపు బొమ్మ కొనేవారికి ఆ గుర్తు ఒక్కటే సరిపోదు. ఎవరు వేశారు, ఏ గూడెం, ఏ సంవత్సరం, డబ్బులో వారికి ఎంత వెళ్తోంది అని అడగాలి. సమాధానం చెప్పలేని దుకాణం దగ్గర కొనకపోవడమే మంచిది. సీతంపేటలోని గిరిజనాభివృద్ధి సంస్థ ద్వారానో, నేరుగా గూడేల నుంచో తెచ్చుకోవచ్చు. అచ్యుతాపురానికి దగ్గర్లోని ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి లక్క బొమ్మ కొనేటప్పుడు ఊరి పేరు అడిగే అలవాటు ఈ ప్రాంతం వారికి ఉంది కదా. సవర బొమ్మకు ఊరితో పాటు మనిషి పేరు కూడా అడగాలి.

ఆ పేరుకు చట్టంలోనూ విలువ ఉంది. భారత కాపీరైటు చట్టంలో 53ఏ అనే సెక్షను 1994 సవరణతో చేరింది. పది వేల రూపాయలకు పైన మళ్లీ అమ్ముడైన చిత్రం ధరలో, 10 శాతానికి మించని వాటా చిత్రకారుడికి చెందవచ్చని అది చెబుతోంది. ఆస్ట్రేలియా కంటే 15 ఏళ్లు ముందే భారతదేశం కాగితం మీద రాసుకున్న హక్కు ఇది. వాడకంలో కనిపించడం మాత్రం అరుదు. వాటా అడగాలంటే ఆ బొమ్మ తనదేనని చిత్రకారుడు చూపగలగాలి. వెనక పేరూ తేదీ లేని సవర బొమ్మ రేపు ఏ ముంబయి వేలంలోనో లక్షలు పలికితే, సీతంపేట నుంచి బయల్దేరి అది తనదని చెప్పగలిగేవారు ఉండరు. కనుక కొనేటప్పుడే, డబ్బు ఇచ్చేముందే, బొమ్మ వెనక చిత్రకారుడి చేత పేరు, ఊరు, తేదీ రాయించుకోవాలి. రాయడం రాకపోతే వేలిముద్ర. బిల్లు మీదా అదే పేరు ఉండాలి.

వచ్చే భాగం: 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నల కాల్చివేత, అక్కడి నుంచి 1/70 భూబదలాయింపు చట్టం దాకా.